పెద్దసారు బండికి కట్టిన నిమ్మకాయ

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని తెల్లటి పెద్ద బండిలో, వెనక సీటు మీద కూర్చోబెట్టుకుని ఖతార్ రోడ్ల మీద కొన్నేళ్లు తిప్పినవాణ్ని నేను. అందుకే ఆ సామెత ఎవరైనా సరదాకి అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది ఉత్తర తెలంగాణలో పసుపు పండే ఊరు. ఏజెంటు నన్ను ఆఫీసులో పని అని చెప్పి విమానం ఎక్కించాడు. దిగాక తెలిసింది, ఆ ఆఫీసు ఇంకా కట్టలేదని, దాన్ని కట్టడమే నా పని అని. ఇనుప చువ్వలు మోశాను, సెంట్రింగ్ కొట్టాను, నానా తంటాలు పడి లైసెన్సు తెచ్చుకుని అల్ వుకైర్ క్యాంపు నుంచి సైట్లకు కంపెనీ బస్సు నడిపాను. అప్పటి నుంచి ఎవరు తియ్యగా మాట్లాడినా ‘వీడికి నాతో ఏం పనిబడింది’ అని ఆలోచించడం అలవాటైపోయింది. మా ఆవిడ బీడీలు చుట్టుకుంటూ ఫోన్లో తిట్టేది. “నీకు నీ నీడ మీద గూడ నమ్మకం లేకపాయె. గట్లైతే ఎట్ల బతుకుతవయ్యా?” అనేది. అది నేర్పడానికేనేమో, దేవుడు నన్ను నాకంటే పెద్ద అనుమానపు మనిషి దగ్గర చేర్చాడు.

అల్ రయ్యాన్‌లో ఒక విల్లాకు డ్రైవరు కావాలన్నాడు కంపెనీ మేనేజరు. బండి బాగా నడపాలి, నోరు నడపకూడదు అన్నాడు. ఇంత మంచి పని నాకే ఎందుకు చెబుతున్నాడా అని ఆ రోజంతా ఆలోచించాను. కారణం విల్లాలో అడుగుపెట్టాక తెలిసింది. నాకంటే ముందు వచ్చిన డ్రైవర్లెవరూ అక్కడ నిలవలేదు.

ఆ విల్లాలో ఉండేది ఆఫ్రికాలో ఒక దేశాన్ని ఇరవై ఏళ్లకు పైగా ఏలి, ఒక తెల్లవారుజామున విమానమెక్కి పారిపోయి వచ్చిన మనిషి. ఆ దేశం పేరు నేను చెప్పను, ఆయన పేరు అసలే చెప్పను. ఇంట్లో అందరూ ఎక్సలెన్సీ అనాలి. నేనూ, వంటాయనా మాత్రం మాలో మేము పెద్దసారు అనుకునేవాళ్లం. వంటాయనది కరీంనగర్ దిక్కు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ముసల్మాను, నాతో మాత్రం మా ఊరి తెలుగే మాట్లాడేవాడు. మొదటి రోజే నన్ను వంటింట్లోకి పిలిచి చాయ్ పోసి చెప్పాడు.

“ఇగో తమ్మీ, ఈ ఇంట్ల గోడలకే గాదు, గిన్నెలకు గూడ చెవులుంటయ్. చాయ్ ఒక్క కప్పు పంపినవనుకో, తాగడు. మూడు కప్పులు పంపాలె. అండ్ల ఒకటి ఆయన తీస్కుంటడు, ఒకటి నేను తాగాలె, ఒకటి ఆ ముసలాయన తాగాలె. నాకు షుగర్ బీమారి ఈ ఇంట్లనే వచ్చింది.”

ఆ ముసలాయన పెద్దసారుకు సేవకుడు. అరవై దాటినవాడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, అంత ఎండలోనూ చొక్కాకి మెడ దాకా బొత్తాలు పెట్టుకునేవాడు. పెద్దసారు సైన్యంలో కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి వెంట ఉన్నాడట. రాజభవనంలో పొద్దున్నే నిద్ర లేపింది ఆయనే, గడ్డం గీసింది ఆయనే, గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నదీ ఆయనే. పారిపోయి వస్తూ పెద్దసారు సొంత తమ్ముణ్ని అక్కడే వదిలేశాడు గానీ ఈయన్ని వదలలేదు. వంటాయన ఆయన్ని చాచా అనేవాడు, నేనూ అలాగే అన్నాను. మొదట్లో ఆయన్ని చూస్తే నాకు పడేది కాదు. రోజూ డ్యూటీ ఎక్కే ముందు నా జేబులు తడిమి చూసేవాడు. దొంగతనం చేయకపోయినా ఎవరైనా జేబులు తడిమితే మనకే ఏదో చేశామేమో అనిపిస్తుంది. నా మీద చాడీలు చెబుతున్నాడని గట్టిగా నమ్మాను కూడా.

పెద్దసారుకు బండి నడపడం అందరికీ నడిపినట్టు కాదు. ఎక్కడికి వెళ్లాలో ఆయన ఎక్కి కూర్చున్నాకే చెప్పేవాడు. సగం దారిలో మార్చేవాడు. వెళ్లిన దారిన తిరిగి రాకూడదు. లోపలి అద్దాన్ని తనే సర్దేవాడు. ఆయనకు నా కళ్లు కనబడాలి, నాకు ఆయన కనబడకూడదు. “నీ పని రోడ్డు చూడటం” అన్నాడు మొదటి రోజే, నవ్వుతూనే. హోటల్లో అయితే గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. గోడ పక్క ఖాళీ లేకపోతే తినకుండానే లేచి వచ్చేవాడు. తినడం మానేసి ఇంటికొచ్చిన రాజుకు మళ్లీ వండిపెట్టలేక వంటాయన గొణిగేవాడు.

అలాగని ఆయన్ని రాక్షసుడు అనుకుంటే పొరపాటు. ఆయనతో మాట్లాడితే ఇష్టపడకుండా ఉండటం కష్టం. మా ఊళ్లో బోరు ఎండిందని ఒకసారి చెబితే, రెండు నెలలు పోయాక “వానలు పడ్డాయా?” అని అడిగాడు. నా కూతురు పరీక్ష తప్పిందని తెలిసి ఖర్జూరాలు ఇచ్చి పంపమన్నాడు. సైన్యంలో ఆయన మొదటి పని లారీలు బాగుచేయడం. ఇంజిన్ చప్పుడు విని ఏ బెల్టు వదులైందో చెప్పేసేవాడు. చేతులకు గ్రీజు అంటుకుంటే ఆ ముఖంలో అసలైన సంతోషం కనిపించేది. ఇంత మంచాయన్ని సొంత జనం ఎందుకు తరిమారు అని ఒకరోజు వంటాయన దగ్గర అన్నాను.

ఆయన ఉల్లిగడ్డ తరుగుతూ తలెత్తలేదు. “రాజ్యం పోయినంక అందరూ మంచోళ్లే తమ్మీ. ఉన్నప్పుడు ఎట్లుండెనో ఆ చాచాను అడుగు.”

అడిగే ధైర్యం నాకెక్కడిది. చాచాయే చెప్పాడు, అల్ వక్రా రేవు దగ్గర.

పెద్దసారు ఒక సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టాడట. అందుకని శుక్రవారం సాయంత్రాలు అల్ వక్రాకు తీసుకువెళ్లమనేవాడు. పడవలు కనబడేలా బండి ఆపాలి. ఆయన మాత్రం దిగడు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని లోపల కూర్చుని చూస్తాడు. చాచా, నేనూ బయట ఉప్పుగాలిలో నిలబడాలి. ఎన్ని శుక్రవారాలు మాట్లాడకుండా నిలబడతాం? వంటాయన దగ్గర నేర్చిన హిందీలో, మధ్యమధ్య అరబ్బీ కలుపుతూ, చాచా నెమ్మదిగా మొదలుపెట్టాడు. బండి వైపు వీపు పెట్టి, పెదాలు కనబడకుండా మాట్లాడేవాడు.

చేపలవాడి కొడుకు సైన్యంలో చేరి, లారీల కింద పడుకుని పడుకుని ఆఫీసరు అయ్యాడట. ఒక పొద్దున లారీ వేసుకుని రేడియో స్టేషనుకు వెళ్లి, ‘నేను వచ్చాను, ఇక మీకు భయం లేదు, ఏడాదిలో ఎన్నికలు పెడతాను’ అని చెప్పాడట. ఆ ఏడాది ఇరవై ఏళ్లకు పైగా సాగింది. మొదట్లో బళ్లు కట్టించాడు, రోడ్లు వేయించాడు, జనం నిజంగానే పూలు చల్లారు. తర్వాత ఒకసారి ఎవరో కాల్చబోయారు. తుపాకీ గొడుగులో దాచారట. అప్పటి నుంచి ఆయన బండ్లు వెళ్లే దారిలో గొడుగు పట్టకూడదని హుకుం. వానాకాలంలో బడిపిల్లలు తడిసి ముద్దయి జెండాలు ఊపేవాళ్లు. రాజభవనం చుట్టూ మామిడిచెట్లు కొట్టించేశాడు, కొమ్మల్లో ఎవడైనా కూర్చుంటాడని. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆయన తలుచుకోనక్కర్లేకుండానే దెబ్బలు పడే రోజులు వచ్చాయట.

“ఒక మంత్రి ఉండేవాడు. పిల్లలకు మిఠాయిలు పంచేవాడు, చాలా మంచివాడు. తర్వాత లేడు” అన్నాడు చాచా ఒకసారి.

“లేడంటే?”

“లేడు.”

అంతకంటే చెప్పలేదు. ఆయన ఏమీ చెడ్డగా అనేవాడు కాదు. ఆయన ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మనమే అర్థం చేసుకోవాలి.

మరో శుక్రవారం దాని తర్వాతి సంగతి చెప్పాడు. రాజభవనం వెనక తోటలో చిన్న ఇల్లు ఒకటి ఉండేదట. పెద్దసారుకు ఎవరి మీద అనుమానం వస్తే వాళ్లను అక్కడికి తెచ్చేవాళ్లు. వాళ్లకు టీ ఇచ్చే పని చాచాది. కప్పు చేతికిస్తూ వాళ్ల చెవిలో ఒక మాట చెప్పేవాడట. ‘అవునను. కాదంటే ఆయనకు నిద్ర పట్టదు. ఆయనకు నిద్ర పట్టకపోతే దేశంలో ఎవరికీ నిద్ర ఉండదు.’

“చేయంది చేసిన్నని ఎట్ల ఒప్పుకుంటరు చాచా?” అన్నాను.

“చేసినవాడు, చేయనివాడు అని అక్కడ లేదు. అవునన్నవాడు, కాదన్నవాడు. రెండే రకాలు.”

“అవునన్నోళ్లు ఏమయిన్రు?”

“కొందరు ఇంటికి వెళ్లారు.”

“మిగిలినోళ్లు?”

చాచా పడవల వైపు చూశాడు. లోపలి నుంచి అద్దం మీద ఉంగరం చప్పుడైంది, యల్లా, ఇక పదండి అని. బండి ఎక్కాం. ఆ రోజు దారి పొడుగునా నాకు వెనక కూర్చున్న మనిషి మీద కంటే, పక్క సీట్లో కూర్చున్న ఈ టీ ఇచ్చిన మనిషి మీదే ఎక్కువ అసహ్యం వేసింది. దాన్ని సాయం అనుకుని చేశాడో, యజమాని నిద్ర కోసం చేశాడో ఆయనకే తెలియదని తర్వాత్తర్వాత అనిపించింది. అయినా మనిషికి మనిషి కావాలి కదా. ఆయనకు పరాయి ఊళ్లో నేను తప్ప మాట్లాడే దిక్కు లేదు. నెమ్మదిగా దగ్గరయ్యాం. జేబులు తడమడం మాత్రం మానలేదు.

చివరికి పెద్దసారును దించింది కూడా గొడుగులవాళ్లు కాదు. తన ఊరి నుంచి ఏరి తెచ్చుకున్న అంగరక్షకులే ఒకరోజు లోపలి గేటుకు బయట తాళం వేశారట. కంచే చేను మేసింది. కొత్తగా వచ్చినవాళ్లు, పాత రాజభవనంలో పనిచేసినవాళ్లందరినీ విచారిస్తామని చాటించారు. తోటలో టీ ఇచ్చిన మనిషి పేరు అందరికీ తెలుసు. చాచాతో పాటు గదులు ఊడ్చిన మనిషి అప్పటికే జైల్లో ఉన్నాడట. ఖతార్‌లో చాచాకున్న బతాకా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పెద్దసారు ఇంటి పని మీద వచ్చిందే. అది పోతే ఆయన పాస్‌పోర్టుకు తలుపు తెరిచే దేశం ఒక్కటే ఉంది, ఆ తలుపు వెనకే జైలు ఉంది. ఈ సంగతి ఇంట్లో మా అందరికీ తెలుసు.

ఇలా ఉండగా కొత్త బండి వచ్చింది. పాతదానిలాగే తెల్లగా, మా ఊళ్లో గది అంత ఉంది. ఫోన్లో చూపిస్తే మా ఆవిడ బీడీ కత్తెర పక్కన పెట్టి ముందుగా అడిగింది ఒక్కటే.

“నిమ్మకాయ గట్టినవా?”

“ఈడ గవన్నీ కట్టరే.”

“దుబాయిల దిష్టి ఉండదా? పొద్దుగాల లేస్తే రోడ్డు మీదుంటవు. నా మాట ఇను, కట్టు.”

ఖతార్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. నిజం చెప్పాలంటే కట్టాలని నాకూ ఉంది. కొత్త బండి చక్రం నిమ్మకాయ తొక్కకుండా రోడ్డెక్కితే మా వాళ్లకెవరికీ మనసొప్పదు. మర్నాడు పొద్దున వంటాయన నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, నిప్పుల పొయ్యిలోంచి బొగ్గు ముక్క, ఎర్రగుడ్డ పీలిక ఇచ్చాడు. “నాకు గూడ దువా చెయ్యి” అని నవ్వాడు. గరాజులో నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిపి, తొక్కలన్నీ ఊడ్చేశాను. ఇక మిగిలింది దిష్టికి కట్టేది. అది బండికి ముందు, నలుగురికీ కనబడేలా కట్టాలి. చూసే కళ్లు ముందు దాని మీద పడాలి, అదే పద్ధతి.

అక్కడే నేను తప్పులో కాలేశాను. పెద్దసారు చూస్తే ఏమనుకుంటాడో, రోడ్డు మీద పోలీసు అడిగితే ఏం చెప్పాలో అని ఆలోచించాను. ముందు కడితే ఆయన అడిగేవాడు, నేను చెప్పేవాణ్ని, నవ్వి ఊరుకునేవాడేమో. నేను దాన్ని తీసుకెళ్లి బానెట్ కింద, బ్యాటరీ పక్కన ఎర్రగుడ్డ పీలికతో ముడేశాను. దిష్టికి కనబడకుండా దిష్టి నిమ్మకాయ కట్టిన మొగవాణ్ని మా జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఒక శుక్రవారం అల్ వక్రా నుంచి వస్తుంటే పెద్దసారు చెవి రిక్కించాడు. ఇంజిన్‌లో ఏదో తగులుతోంది అన్నాడు. ఇంటికి రాగానే, నేను చూస్తాను సార్ అంటున్నా వినకుండా చొక్కా చేతులు పైకి మడిచి, హుషారుగా తనే బానెట్ ఎత్తాడు. ఇంజిన్ వేడికి నిమ్మకాయ నల్లగా ఎండి ముడుచుకుపోయింది. మిరపకాయలు వంకర్లు తిరిగాయి. వాటి చుట్టూ ఎర్రగుడ్డ. ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దాన్ని ముట్టుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, గోడకి వీపు ఆనించి, చాచాను పేరు పెట్టి పిలిచాడు.

చాచా వచ్చి చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

“మీ అమ్మ ఇలాగే కట్టేది కదా” అన్నాడు పెద్దసారు, చాలా నెమ్మదిగా.

చాచా తల్లి వాళ్ల ఊళ్లో మందులూ మంత్రాలూ తెలిసిన మనిషట. వాళ్ల దిక్కున ఎర్రగుడ్డలో ఏదైనా కట్టి గడపలోనో పడవలోనో దాస్తే, అది దాచినవాడికి మంచిది, ఎక్కినవాడికి చావు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎగిరి ముందుకు దూకాను.

“సార్, అది నేనే కట్టిన! మా దేశంల కొత్త బండికి కడతరు. మీకు మంచి జరగాలనే కట్టిన” అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని.

ఆయన నా వైపు ప్రేమగా చూశాడు. నిజంగా ప్రేమే. “మంచికి కట్టేది దాచి కడతారా?” అన్నాడు.

మీరంటే భయపడి దాచాను అని చెబితే, భయం ఎందుకు, ఏం చేశావని భయం అంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషిని నేను. ఆ రోజు నా ముఖం కచ్చితంగా దొంగ ముఖంలాగే ఉండి ఉంటుంది.

“నిన్ను ఈ మాట చెప్పమన్నది ఎవరు?” అన్నాడు.

వంటాయన్ని లాక్కొచ్చాను. ఆయన అల్లా మీద ఒట్టేసి, మా దిక్కున అందరూ కడతారు, కరీంనగర్లో తన తమ్ముడి దుకాణం ముందు కూడా వేలాడుతుంటుంది, సామాను ఇచ్చింది నేనే అని చెప్పాడు. చాలదని మా ఆవిడకు వీడియో కాల్ చేశాను. ఆమె ఒళ్లో బీడీల చాట పెట్టుకుని, ఎదురుగా రాజు కనబడేసరికి కంగారుగా కొంగు సర్దుకుంది. “అయ్యా, నేనే కట్టుమన్న, ఆయన తప్పు లేదు” అని తెలుగులోనే చెప్పి దండం పెట్టింది. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. పెద్దసారు ఓపిగ్గా అంతా విన్నాడు.

“ముగ్గురు” అన్నాడు చివరికి. “ముగ్గురూ ఒకే మాట చెబుతున్నారు. ఒక్క అక్షరం తేడా లేదు.”

అప్పుడు అర్థమైంది నాకు. సాక్షులు పెరిగేకొద్దీ ఆయన కళ్లలో కుట్ర పెద్దదవుతోంది. ఇరవై ఏళ్లు అబద్ధపు ఒప్పుకోళ్లు వింటూ గడిపిన మనిషి చెవికి నిజమైన ఒప్పుకోలు వినబడలేదు. మేం చాచాను కాపాడబోయి ఆయన్ని ఇంకా లోతుకి తోశాం, ఇంకో మాట మాట్లాడితే మేమూ మునుగుతాం. నాకు ఇల్లు గుర్తొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నోరు మూసుకున్నాను.

చాచా మెడ దగ్గర బొత్తాం సరిచేసుకుని ఒక అడుగు ముందుకొచ్చాడు.

“అవును, నేనే కట్టాను. వీళ్లకేమీ తెలియదు” అన్నాడు.

పెద్దసారు భుజాలు కిందికి దిగాయి. ఊపిరి పీల్చుకున్నాడు. దగ్గరికి వెళ్లి, అన్నేళ్లు తన గడ్డం గీసిన ఆ మనిషి చెంప మీద చెయ్యి వేశాడు. “నిన్ను క్షమించాను” అన్నాడు. “క్షమించినవాడు ఇంటికి వెళ్లాలి.” ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడని వంటాయన చెప్పాడు.

ఆదివారం ఆఫీసులు తెరవగానే పనులు మొదలయ్యాయి. చాచాను ఇంట్లోనే ఉంచి, ఆయన బతాకా రద్దు చేయించడానికి పెద్దసారే బయల్దేరి నన్ను బండి తీయమన్నాడు. దారిలో ఒక సిగ్నల్ దగ్గర, ఎన్నడూ చేయని పని చేశాను. చెయ్యెత్తి అద్దం తిప్పి పెద్దసారు కళ్లలోకి చూశాను. “సార్, పాపం ముసలాయన. అక్కడికి పోతే జైల్ల వేస్తరు. అది నేనే కట్టిన సార్, నా పిల్లల మీద ఒట్టు” అన్నాను.

ఆయన అద్దం వెనక్కి సర్దాడు. “నువ్వు మంచి డ్రైవరువి” అన్నాడు. “నీ పని రోడ్డు చూడటం.”

పచ్చ లైటు పడింది. నేను రోడ్డు చూశాను.

చాచాను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లిందీ నేనే. పెద్దసారు గుమ్మం దాకా రాలేదు. వంటాయన మాత్రం బయటికొచ్చి రొట్టెలు కట్టిచ్చి, కళ్లు తుడుచుకుంటూ, ఖుదా హాఫిజ్ చాచా అన్నాడు. చాచా చిన్న సంచితో ముందు సీట్లో కూర్చున్నాడు. ఎక్కేముందు అలవాటు కొద్దీ నా జేబులు తడిమాడు. ఈసారి నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. దారిలో ఎన్నో చెబుదామనుకున్నాను. వేరే ఏ దేశానికైనా పోవచ్చేమో అడిగాను, కంపెనీలో ఎవరినైనా బతిమాలదామన్నాను. మాఫీ ఫాయిదా, లాభం లేదు అన్నాడు. ఎందుకు అవునన్నావు చాచా అని అడిగితే, “నువ్వు పిల్లలవాడివి” అన్నాడు. అంతే. తోటలో టీ ఇచ్చిన మనిషిని నేను అన్నాళ్లు మనసులో తిట్టుకున్నాను. ఇప్పుడు ఆయన మా కోసం పోతున్నాడు.

డిపార్చర్ గేటు దగ్గర దిగి సంచి భుజాన వేసుకున్నాడు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, అల్ వక్రా దగ్గరలాగే పెదాలు కనబడకుండా అడిగాడు.

“ఇప్పుడైనా చెప్పు. నేను వెళ్లిపోతున్నాను, ఎవరికీ చెప్పను. దాన్ని కట్టమని నిన్ను పంపింది ఎవరు?”

“ఎవరూ లేరు చాచా. మా ఇంటామె కట్టుమన్నది. నువ్వు గూడ చూసినవు గదా ఫోన్ల” అన్నాను.

ఆయన నా ముఖంలోకి జాలిగా చూశాడు. తల అడ్డంగా ఊపాడు. “కాదనకు” అన్నాడు. “నీ మంచికే చెబుతున్నా. కాదనకు. మా దేశం నుంచి కొత్తవాళ్లు పంపారా?”

లోపల ఏదో విమానం గురించి మైకులో పిలుస్తున్నారు. వెనక బండ్లవాళ్లు హారన్ కొడుతున్నారు. ఆయన నా చెయ్యి వదలడం లేదు. జవాబు లేకుండా ఆయన లోపలికి వెళ్లలేడని తెలిసిపోయింది. ఒక ఎండిన నిమ్మకాయ కోసం, ఒక బీడీలు చుట్టే ఆడమనిషి మాట కోసం తన బతుకు పోయిందంటే ఆయన నమ్మలేడు, నమ్మి ఆ విమానం ఎక్కలేడు.

“అవును చాచా” అన్నాను. “వాళ్లే పంపిన్రు.”

ఆయన నా చెయ్యి వదిలాడు. ముఖం తేటపడింది. నాకు ముందే తెలుసు అన్నట్టు తల పంకించి, నా చెంప మీద చెయ్యి వేసి, “నిన్ను క్షమించాను” అన్నాడు. తర్వాత సంచి సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి నడిచి వెళ్లిపోయాడు.